మట్టిరంగుల చిత్రకారుడు: రోవర్ థామస్

చిత్రమును చూచినవెంటనే “ఇది యేమి?” యని యడుగుట మనకు బాల్యమునుండి యలవడిన పద్ధతి. గోడమీది పటములో లక్ష్మి యున్నదా, సరస్వతి యున్నదా, పల్లెపడుచు నీళ్లకుండ నెత్తుకొని పోవుచున్నదా యని పోల్చుకొన్నపిదపగాని మన మనస్సు కుదుటపడదు. పోల్చుకొనుటకు వీలుకాని చిత్రము నెదుట నిలిచినప్పుడు చదువుకొన్నవారు సైతము రెండు త్రోవలలో నొకదానిని పట్టుదురు. కొందఱు “ఇందేమియు లేదు” అని నవ్వి వెడలిపోవుదురు. మఱికొందఱు “ఇది నైరూప్యము, ఇందు అర్థము వెదుకరాదు, రంగుల కూర్పును మాత్రమే ఆస్వాదింపవలెను” అని తలయూపుదురు. ఈ రెండవవారు మొదటివారికంటె వివేకవంతులని నేనును చాలకాలము భావించితిని. ఆస్ట్రేలియా ఆదిమవాసి చిత్రకారుడు రోవర్ థామస్ రచనలను కొంత శ్రద్ధతో పరిశీలించినపిదప నా యా నమ్మకము సడలినది.

1990వ సంవత్సరమున జరిగినట్లు చెప్పుకొను ఒక చిన్న సంగతి కళావిమర్శకులకు మిక్కిలి ప్రియమైనది. కాన్‌బెర్రా నగరమందలి జాతీయ చిత్రశాలలో అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్కో 1957లో వ్రాసిన పెద్ద పట మొకటి కలదు. అందు మనిషి లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. ముదురురంగుల పొరలు మాత్రము ఒకదానిపై నొకటి తేలుచున్నట్లుండును. దాని యెదుట నిలిచి థామస్, అచ్చముగా తనవలెనే వ్రాయుచున్న యీ మనుష్యు డెవడని, కొంత మోటుమాటతోనే, అడిగెనట. ఈ కథను చెప్పువారు సామాన్యముగా దీనినుండి, ఎడారిలోని నిరక్షరాస్యుడును న్యూయార్కు మేధావియు కడకు ఒక్కచోటికే చేరుదురను సిద్ధాంతమును లాగుదురు. నాకు మాత్ర మందు మఱియొక రుచి కనబడుచున్నది. థామస్ తనను రోత్కోతో పోల్చుకొనలేదు. రోత్కోను తనతో పోల్చినాడు. కొలబద్దను తనచేతిలోనే యుంచుకొన్నాడు. ప్రపంచప్రసిద్ధుని పట మెదుట నిలిచి అట్లడుగుటకు ఎంతటి నిబ్బరము కావలెనో మనవంటివారికి తెలియును. పాశ్చాత్యుల మెప్పు వచ్చువఱకు మన వస్తువును మనము వస్తువుగా నెంచని దౌర్బల్యము మనలో నేటికిని పూర్తిగా పోలేదు గదా!

ఇంతకును ఇరువురి చిత్రములకు పైపోలికయే గాని లోపోలిక లేదు. రోత్కో పటములోని శూన్యము మనస్సులోనిది. థామస్ పటములో ఖాళీగా కనబడు ప్రతి బెత్తెడు చోటునకును ఒక పేరు కలదు. అది ఫలానా కొండ, ఫలానా వాగు, ఫలానా దినమున ఫలానావారు నడచిన త్రోవ.

థామస్ సుమారు 1926లో పశ్చిమాస్ట్రేలియాలోని మహా ఇసుకయెడారియందు, పశువులమందలను తోలుకొనిపోవుటకై తెల్లవారు వేసిన కానింగు బాటలోని 33వ నూతి సమీపమున జన్మించెను. పదియేండ్ల ప్రాయమున తల్లి గతింపగా ఉత్తరమునకు వచ్చి, బిల్లిలూనా యను పశుక్షేత్రమున చేరి, గుఱ్ఱమెక్కి మందలను కాయు పనిలో పెరిగెను. ఈ క్షేత్రములు మన బీళ్లవంటివి కావు. చదరపు మైళ్లు వందలకొలదిగా విస్తరించినట్టివి. ఆ నేలకు అనాదిగా హక్కుదారులైన జనులే వానియందు పాలేర్లయిరి. చాలకాలము వారికి ముట్టిన ప్రతిఫలము పిండి, తేయాకు, పంచదార, పొగాకు, కట్టుబట్ట. అందఱితో సమానముగా వీరికిని కూలి యీయవలెనని 1966లో తీర్పు వచ్చి, 1968 డిసెంబరులో అమలుజరిగినది. న్యాయమైన తీర్పే. కాని క్షేత్రాధిపతులలో పలువురు, కూలి యిచ్చి యుంచుకొనుటకంటె కుటుంబములతోసహా వెడలగొట్టుటయే లాభమని తలచిరి. తరతరముల నివాసములను విడిచిన గిజ జనులు కింబర్లీ మండలమున టర్కీ క్రీక్ అను వాగుయొడ్డున గుడిసెలు వేసికొనిరి. నేడు వర్మన్ అని పిలువబడు గ్రామ మదియే. సంస్కరణమును కోరువారు చట్టము పుట్టినదినముననే చప్పట్లు చరచి యిండ్లకు పోరాదనుటకు దీనికంటె మంచి యుదాహరణము నాకు తోచుటలేదు. థామస్ సుమారు 1975లో అచటికి చేరెను.

ఈ కాలమునకు పూర్వము జరిగిన యొక వృత్తాంతమును మన పాఠకురాండ్రకై చెప్పవలసియున్నది. టెక్సాస్ డౌన్స్ అను క్షేత్రమున గుఱ్ఱము తన్నుటచే థామస్ నెత్తిచర్మము చీలిపోయినది. వైద్యుడు అందుబాటులో లేడు. అక్కడ పశువులకాపరులకు వంట చేయుచుండిన క్వీనీ మెకెంజీ యను గిజ స్త్రీ, బట్టలు కుట్టు సూదితో దారముతో ఆ గాయమును కుట్టి యతనిని బ్రదికించినదట. దశాబ్దముల తరువాత ఆమెయు అతని ప్రోత్సాహముచే మట్టిరంగులతో చిత్రములు వ్రాసి ప్రఖ్యాతి గాంచినది. ఆమె తండ్రి తెల్లవాడు. అట్టి సంకరసంతానమును తల్లులయొద్దనుండి లాగుకొనిపోవుట ఆనాటి ప్రభుత్వపు విధానము. అధికారులు వచ్చినప్పుడెల్ల తల్లి ఆ పిల్ల యొడలికి బొగ్గు పూసి నల్లగా కనబడునట్లు చేసి దాచెడిదని చెప్పుదురు. తరువాతికాలమున ఆమె పటములలో నలుపురంగును చూచునపుడు నా కీ సంగతి జ్ఞప్తికి రాక మానదు.

థామస్ చిత్రకారుడగుట తాను కోరి చేసిన పని కాదు. 1974లో, వరుసకు అతనికి తల్లియగు నొక స్త్రీ టర్కీ క్రీక్ సమీపమున మోటారు ప్రమాదమున గాయపడి, విమానముమీద పెర్త్ నగరమునకు కొనిపోబడుచు ఆకాశముననే ప్రాణము విడిచినది. ఆ సంవత్సరపు క్రిస్మస్ పండుగనాటి తెల్లవాఱుజామున ట్రేసీ యను తుపాను డార్విన్ నగరమును నేలమట్టము చేసినది. పిమ్మట ఆ మృతురాలు థామస్‌కు స్వప్నమున కనబడి, తన యాత్మ స్వస్థలమునకు మరలివచ్చిన మార్గమంతయు, ఆ మార్గమున చూచిన స్థలములు, తుదకు డార్విన్ వినాశము, ఇవన్నియు పాటలుగా తెలిపెనట. గిజ పెద్దలు ఆ తుపానును ఇంద్రధనుస్సర్పపు కోపమనియు, పూర్వాచారములను మఱవవలదను హెచ్చరిక యనియు గ్రహించిరి. ఆ పాటలు గురిర్ గురిర్ అను నృత్యమైనవి. స్వప్నములను ప్రమాణముగా గొనుట నాకు సమ్మతము కాదు. పాఠకులలో పెక్కుమందికిని కాదనుకొందును. అయినను ఇండ్లు కోల్పోయి వాగుయొడ్డున పడియున్న జనసంఘము మరల నొక్కచోట కూడి, తమ స్థలముల పేర్లను వరుసగా తలచుకొనుటకు ఈ పాటలు ఆధారమైనవనునది స్వప్నము కాదు, చరిత్ర.

ఆ నృత్యమున ఆటగాండ్రు భుజములపై పలకలను మోయుచు వత్తురు. ఒక్కొక్క పలకపై ఆ యాత్మ సందర్శించిన ఒక్కొక్క స్థలము వ్రాయబడియుండును. తొలుత వీనిని వ్రాసినవారిలో ముఖ్యుడు థామస్ కాదు. అతనికి మామవరుసయైన పాడీ జమింజి. దొరికిన చెక్కముక్కలే పలకలు. సుమారు 1981లోగాని థామస్ తాను స్వయముగా వ్రాయుటకు పూనుకొనలేదు. అప్పటికి అతనికి అయిదుపదులు దాటినవి. చిత్రశాలలోని గోడకు తగిలించుటకుగాక, ఎండలో దుమ్ములో భుజముమీద నాట్యమాడుటకు పుట్టిన చిత్ర మిది. దూరమునుండి యొక్కచూపున పోల్చదగిన పెద్దరూపములు, అనవసరమైన గీత యొక్కటియు లేని మితభాషిత్వము, ఇవి యీ పుట్టుకవలన వచ్చిన గుణములే యని నా యభిప్రాయము.

ఇక రంగులసంగతి. ఎఱ్ఱమన్ను, పసుపుపచ్చని మన్ను, తెల్లని సుద్ద, బొగ్గు. వీనిని అంటింపజేయుటకు చెట్టుబంక. ఇంతియే యతని సామగ్రి. రాళ్లమధ్య దొరకిన గడ్డలను తెచ్చి రాతిమీద నూఱి నీటితో కలిపి బంక చేర్తురు. ఈ మన్నులలోని వన్నె యంతయు ఇనుముదే. పసుపుమన్నులో ఇనుము నీటితో కూడియుండును. నిప్పులలో కాల్చిన నీరు వీడి మన్ను ఎఱ్ఱబాఱును. జాజుతో గోడలు, ఎఱ్ఱమన్నుతో అరుగులు అలికి, పైన సున్నముతో ముగ్గు తీర్చు మన స్త్రీలకు ఇందు వింత యేమియు లేదు. థామస్ తన రూపముల యంచులవెంట తెల్లని చుక్కలు వరుసగా పెట్టును. వానిని చూచి మన ముగ్గును తలచుకొనుటయు సహజమే. పోలిక యక్కడితో నాగవలెను. మన చుక్కలు ముంగిలిని అలంకరించును. అతని చుక్కలు ఒక భూమికిని వేఱొక భూమికిని నడుమ నుండు హద్దును, లేక కాలిత్రోవను, లేక నీటిజాలును తెలుపును.

నూనెరంగు వెలుతురును త్రిప్పికొట్టును, మట్టిరంగు త్రాగివేయును. అందుచే థామస్ పటములకు తళుకు లేదు. మన్ను కొన్నిచోట్ల దట్టముగా గరుకుగా నుండును. కొన్నిచోట్ల పలుచనై క్రింది గుడ్డయో పలకయో తెలియుచుండును. చేయి ఎటునుండి యెటు పోయినదో కనబడును. అచ్చుపటములలో ఈ గుణమంతయు నశించి, ఇటుకరంగు కాగితము నల్లరంగు కాగితము కత్తిరించి యతికించినట్లగును. ఆ యచ్చులను మాత్రమే చూచి ఇతనిని రేఖాగణితపు చిత్రకారులలో చేర్చినవారి తప్పును క్షమింపవచ్చును. ఐరోపాలోను అమెరికాలోను గతశతాబ్దమున ఇసుకను, చలువరాతిపొడిని, తారును పటములకు పూసిన నైరూప్య చిత్రకారులు లేకపోలేదు. బార్సెలోనా నగరమందలి తాపియేస్ అట్టివారిలో గొప్పవాడు. వారికి మట్టి యొక క్రొత్త పరికరము. రంగుసీసాలతో విసిగినవారు చేసిన తిరుగుబాటు. థామస్ దేనిమీదను తిరుగబడలేదు. అతడు వ్రాయు కొండ యేదో, ఆ కొండకు చేరిన సీమలోని మన్నుతోనే దానిని వ్రాసెను. సూచించు వస్తువునకును సూచింపబడు వస్తువునకును ఇంత తక్కువ దూరముగల చిత్రములు వేఱొకచోట నేను చూచియుండలేదు. ఇట్టిదానిని నైరూప్యమనుట ఎంతవఱకు సరి? రూపము తక్కువే, కాని అమూర్తమైన దందు లేదు.

1991లో వ్రాసిన “ట్రేసీ తుపాను” అను పటమునే తీసికొందము. మట్టిరంగు నేలపై ఒక మహత్తరమైన నల్లని రూపము విప్పారుచు వచ్చును. దానిని చేరవచ్చు చిన్నగాలులు ఇరుప్రక్కల చీలికలుగా కనబడును. ఎగిరిపోవు పైకప్పులు లేవు, విఱిగిన చెట్లు లేవు, ఏడ్చువారు లేరు. తుపానును వ్రాయుమన్న సామాన్య చిత్రకారుడు తుపాను చేసిన పనిని వ్రాయును. ఇతడు తుపానునే వ్రాసినాడు. ఆ నలుపు బొగ్గునలుపు. కొంతసేపు చూచినకొలది అది రంగుగా గాక, పటములో పడిన గొయ్యివలె తోచును. ఇంతటి స్వల్పసామగ్రితో ఇంతటి భయమును పుట్టించిన పట మాధునిక చిత్రకళలో అరుదు.

నన్ను మిక్కిలి కలతపెట్టినవి మాత్రము ఇతడు హత్యాకాలమును గూర్చి వ్రాసిన పటములు. ఇరువదవ శతాబ్దపు తొలిదశలలోను కింబర్లీలో ఆదిమవాసులను చంపుటలు జరుగుచుండెను. బెడ్‌ఫర్డ్ డౌన్స్ అను క్షేత్రమున 1924 ప్రాంతమున జరిగినదానిని గిజ పెద్దలు ఇట్లు చెప్పుచు వచ్చిరి. పశువును చంపిరను నేరమునకు శిక్ష ననుభవించి మరలివచ్చిన పురుషులను కట్టెలు కొట్టుటకై పిలుచుకొనిపోయిరి. దినమంతయు కట్టెలు కొట్టినపిదప వారికి స్ట్రిక్నీన్ అను విషము కలిపిన భోజనము పెట్టిరి. వారు కొట్టిన కట్టెలతోనే వారి శవములను కాల్చిరి. ఇందుకు ఎవ్వరును శిక్షింపబడలేదు. నోటిమాటయే గాని కాగితముపై సాక్ష్యమేదియని సందేహించిన వాదకులును లేకపోలేదు. చంపినవారే కాగితము వ్రాయుచోట ఎట్టి సాక్ష్యము దొరకును?

టెక్సాస్ డౌన్స్, బెడ్‌ఫర్డ్ డౌన్స్, రూబీ ప్లెయిన్స్ మొదలగు క్షేత్రములలోని యిట్టి ఘాతుకములను థామస్ 1980లలో పటములుగా వ్రాసెను. ఇందు రక్తము లేదు, తుపాకి లేదు. తెల్లచుక్కల హద్దులనడుమ గోధుమవన్నె, నల్లని నేలలు నిశ్చలముగా పఱచుకొనియుండును. కథ నెఱుగనివాడు “ఎంత ప్రశాంతమైన కూర్పు!” అని మెచ్చుకొని పోవును. నేనును తొలుత నట్లే మెచ్చుకొంటినని ఒప్పుకొనవలెను. తెలిసినపిదప మరల చూచితిని. పటములో నొక్క గీత మాఱలేదు; కాని ఆ నిశ్చలత్వము వేఱైపోయినది. హత్య జరిగినచోటికి నేడు పోయి చూచినవానికి కనబడునది అంతియే గదా: నేల, కొండ, త్రోవ. బొగ్గు ఎప్పుడో మట్టిలో కలిసిపోయినది. థామస్ ఆ నేలను ఆ మన్నుతోను ఆ బొగ్గుతోను వ్రాసి, ఊరకున్నాడు. శవములను వ్రాసియుండినచో మనము జాలిపడి ముఖము త్రిప్పుకొనియుందుము. ఏమియు వ్రాయకుండుటచే మనము అడుగవలసివచ్చినది. ఇందాక నేను పరిహసించిన “ఇది యేమి?” యను ప్రశ్నయే, చూడుడు, ఇక్కడ మనుష్యత్వమునకు తగిన ప్రశ్న యైనది. దానిని అడుగరాదని బోధించు నైరూప్యవాదము ఇట్టి పటమువిషయమున రసికత కాదు, చెవిటితనము.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. కథ చెప్పినగాని నిలువని చిత్రము చిత్రమేనా? అది కథకు వేసిన బొమ్మయే గదా? అని యడుగవచ్చును. ఈ యాక్షేపణ బలమైనదే. కథ కరుణమగుటచే పటము గొప్పదగునన్న వాదమును నేను చేయుట లేదు. ఆ వాదముతో ఎన్నో పేలవమైన పటములు అమ్ముడుపోయినవి. థామస్‌వే అన్నియు సమానముగా లేవు. కీర్తి వచ్చినపిదప పలువురు వర్తకులు పటములకై యతనిచుట్టు మూగిన దినములలో వ్రాసినవానియందు కొన్నిటిలో రూపములున్నవిగాని వానిమధ్యనుండు బిగువు లేదు. వానిని కథ బ్రదికింపలేదు. మేలైన పటములలో కథ తెలియకమునుపే కంటిని పట్టి నిలుపునది యొకటి కలదు. అది హద్దులను వ్రాయుటయందలి నిశ్చయము. ఒక నల్లని నేల ఎచట ఆగవలెనో అచటనే ఆగును. వ్రేలెడు ముందు గాని వెనుక గాని ఆగినచో పటము చెడును. మందలను తోలుచు ఆ భూమినంతయు గుఱ్ఱముమీద తిరిగినవానికి కొండ యెచట ముగియునో ఒకరు నేర్పవలసిన పనిలేదు. అందుచేతనే అతడు పైనుండి పక్షివలెను, ప్రక్కనుండి మనుష్యునివలెను, ఒక్క పటముననే చూచినను మనకు తికమక కలుగదు.

1990లో వెనిసు నగరపు ద్వైవార్షిక ప్రదర్శనమునకు ఆస్ట్రేలియా ప్రతినిధులుగా థామస్‌ను, ట్రెవర్ నికొల్స్‌ను పంపిరి. ఆదిమవాసులు ఆ దేశమునకు అచట ప్రాతినిధ్యము వహించుట అదియే ప్రథమము. 1994లో కాన్‌బెర్రాలో అతని పటముల ప్రత్యేకప్రదర్శనము జరిగినది. 1998 ఏప్రిలులో అతడు మరణించెను. అందు మూడేండ్లకు, 1991లో అతడు వ్రాసిన వానచిత్ర మొకటి వేలమునకు వచ్చినది. మిట్టమీద కురిసిన పెద్దవాన జాలులుగా దిగజాఱుట దాని విషయము. 7,78,750 ఆస్ట్రేలియా డాలర్లకు జాతీయ చిత్రశాల దానిని కొన్నది. అంతవఱకు ఆదిమవాసుల పటమునకు పలికిన ధరలలో అదియే పెద్దది. ఆ సొమ్ము అమ్మినవానికి చేరినది. మాఱువిక్రయములో చిత్రకారునికో అతని వారసులకో నూటికి 5 వంతున పాలు ముట్టవలెనను చట్టము ఆ దేశమున 2009లో చేయబడి, మఱుసటియేట అమలునకు వచ్చినది. పిండికి, తేయాకునకు మందలు కాచినవాని పటముల విషయమున చట్టము మరల ఆలస్యముగనే వచ్చినదన్నమాట.

థామస్, క్వీనీ మెకెంజీ, వారి సహచరులు వ్రాసిన తొలినాటి పటములు కొన్నిటిని వర్మన్ గ్రామస్థులు అమ్ముకొనక, తమ పిల్లలకు పాఠములు చెప్పుటకై ఊరిలోనే దాచుకొనిరి. 2011 మార్చిలో టర్కీ క్రీక్ పొంగి ఊరిని ముంచివేసినది. కళాకేంద్రములోని పటములు కొన్ని కొట్టుకొనిపోయినవి. ఊరి సొంతపటములు తడిసి బూజుపట్టినవి. వానిని విమానముపై మెల్బోర్ను విశ్వవిద్యాలయమునకు తరలించి, అచటి నిపుణులు రెండేండ్లు శ్రమపడి బాగుచేసిరి. నీటితో కలిపి చెట్టుబంకతో పూసిన మన్ను నీటికి లొంగక యేమిచేయును? వరద తెచ్చినదియు మన్నే, పటముపై నున్నదియు మన్నే; రెండును ఆ సీమవే. ఒకదానిని తుడిచి ఒకదానిని నిలుపవలసిన వారి చేతిపని యెంత మెలకువతో గూడినదో ఊహింపవచ్చును. 2013లో పటములు వర్మన్‌కు తిరిగి వచ్చినవి.